ముప్పై ఎనిమిదో ఫైలు

ఉలాన్‌బాతర్‌లో జనవరి. కిటికీ నిండా బొగ్గు పొగ,
ఎదురుగా భవనం ఉందని నమ్మాలంతే.
నా తెరమీద మాత్రం ఇంకా జూలైయే.
అర్హంగాయ్ గడ్డిలో వారం రోజులు తిరిగిన
అరవై రెండు మణికట్లు,
సెకనుకి వందసార్లు, మూడు దిక్కుల అంకెలు.

ముందు తూకం సరిచూడాలి.
చెయ్యి కదలని క్షణాలు ఏరి
వాటి పొడవు ఒకటికి వస్తోందా అని.
ఏ పనీ చెయ్యని చేతిని కూడా
భూమి లాగడం మానదు గదా, ఆ ఒకటి అది.
దాన్ని తీసేస్తాను.
మిగిలినదానికి మేం శ్రమ అని పేరు పెట్టుకున్నాం.
సున్నా కిందకి జారినవన్నీ సున్నా చేస్తాను.
వాటికి పేరేం పెట్టలేదు.

గీతలు మావి కావు.
ఎంత దాటితే మోస్తరు, ఎంత దాటితే తీవ్రం అన్నది
ఎక్కడో దూరదేశంలో బూట్లేసుకుని
ట్రెడ్‌మిల్ మీద నడిచినవాళ్ళు తేల్చారు.
వాళ్ళెవరూ ఐరగ్ చిలికి ఉండరు.
గుడారం తలుపు పక్కన తోలుసంచి, అందులో గుర్రప్పాలు.
లోపలికొచ్చిన ప్రతివాడూ కవ్వమందుకుని
నాలుగు పోట్లు వెయ్యందే కూర్చోడు.
నాకవి దువ్వెన పళ్ళలా కనిపిస్తాయి.
పదకొండో నంబరావిడ ఒక్క పూటలో వెయ్యి వేసింది.
"చురుకైన నడక" అంది ప్రోగ్రాం.
ఎక్కడికి నడిచిందమ్మా, తలుపు దాకానా?

ఇక స్వారీ.
చెమట గుర్రానిది, మార్కులు మనిషికి.
ఈ పద్దు ఎవరి ఖాతాలో వెయ్యాలని
మా డైరెక్టరు ఒయున్‌బిలెగ్ గారిని అడిగితే
"ఫుట్‌నోట్‌లో" అన్నారు.

ముప్పై ఎనిమిది: పురుషుడు, డెబ్బై నాలుగు, మోకాళ్ళ నొప్పి.
మూడు రోజులు మోకాళ్ళ మాటే నిజం.
పొయ్యి దగ్గర కాసేపు, నశ్యం బుడ్డి దగ్గర కాసేపు.
నాలుగో రోజు పొద్దున్నించి పొద్దుగూకేదాకా
ఉన్నాడా లేడా అన్నట్టు.
రాత్రి పదింటికి లేచి పరుగు.
ఆగి, మళ్ళీ పరుగు. తెల్లవార్లూ ఇదే.
"నిద్రలేమి. తీవ్ర శ్రమ, రెండు వందల పన్నెండు నిమిషాలు."

పరికరాన్ని అనుమానించాను.
గడియారం తిరగబడిందేమో అనుకున్నాను.
ఆయన ఏం తాగాడో అని కూడా అనుకున్నాను.
చివరికి రెండు సెకన్ల ముక్క కోసి
తెరంతా పరిచి చూస్తే,
అడుగుకీ అడుగుకీ మధ్య ఉండాల్సిన ఖాళీలో
ఇంకో రెండు అడుగులున్నాయి.
వేళ్ళతో బల్లమీద వాయించాను.
పక్క బల్ల కుర్రాడు తలెత్తకుండానే
"గుర్రప్పిల్ల" అన్నాడు.

అంతే.
తల్లుల పాలు పిండుకోవాలని
పగలంతా పిల్లల్ని తాడుకి కట్టేస్తారు.
రాత్రికి వదుల్తారు.
ఈ సంగతి పుట్టినప్పటినించీ తెలిసిందాన్ని,
గడియారాన్ని తిట్టుకుంటూ కూర్చున్నాను.

మ్యాగ్మర్జావ్‌కి ఫోన్ చేశాను, పట్టీలు పంచింది అతనే.
"తిరిగిచ్చినప్పుడు దానికి వెంట్రుకలున్నాయి, నిజమే" అని నసిగాడు.
మర్నాడు కనుక్కుని చెప్పాడు, నవ్వాపుకోలేక:
"గొంబొసురెన్ తాత ఏమన్నాడో తెలుసా?
నేనెలాగూ కూర్చునేవాణ్ణి.
పాపం అంత దూరం నించి లెక్క పెట్టుకోడానికొచ్చారు,
మీకేదో ఒకటి దక్కాలి గదా అని
పిల్ల మెడకి కట్టాను, అన్నాడు."

తీసెయ్యక తప్పదు.
కారణం గడిలో "ధరించినవారు మారారు" అని కొట్టాను.
అరవై ఒకటి.

ఉష్ణోగ్రతకి ఒక వరస ఉంటుంది. మేం పెద్దగా వాడం.
మూసేసేముందు ఎందుకో అటు చూశాను.
నాలుగో రాత్రి, రెండు దాటాక, కదలిక లేదు.
అంకె మెల్లిగా పాకి ముప్పై అయిదు దాటింది,
నలభై నిమిషాలు అక్కడే ఉంది.
తల్లి మెడ ఆనించి ఉంటుంది.

ఇవాళ అర్హంగాయ్‌లో మైనస్ ముప్పై నాలుగు.
ఇంకా ఏడాది నిండలేదు దానికి.

ముప్పై తొమ్మిది తెరిచాను.
స్త్రీ, ఇరవై ఆరు.
చెయ్యి ఇంకా కదల్లేదు. ఒకటి.